గ్యాస్ అయిపోలేదు బాబాయ్!

ఎండలు ముదిరాయంటే కారు ఏసీ షాపుల దగ్గర అందరి బండ్లకీ ఒకటే జబ్బు, ఒకటే మందు. "చల్లగా రావట్లేదండీ" అంటాం మనం. "గ్యాస్ అయిపోయింది సార్, ఎక్కిద్దాం" అంటారు వాళ్లు. రెండు వేలో మూడు వేలో ఇస్తాం. షాపులోంచి బయటికొచ్చేటప్పుడు చల్లగానే ఉంటుంది. నాలుగు నెలలు తిరక్కుండా మళ్లీ అదే షాపు, అదే మాట. డీజిల్ అయిపోతుంది కదా, ఇదీ అలాగే అయిపోతుందేమోలే అని మనమూ సరిపెట్టుకుంటాం.

కానీ ఏసీలో గ్యాస్ డీజిల్ లాంటిది కాదు. అది మండదు, ఖర్చవదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరిగి తిరిగి పనిచేస్తుంది. బండిలో రబ్బరు గొట్టాలు, తిరిగే సీళ్లు ఉంటాయి కాబట్టి ఏళ్ల మీద కొంచెం కొంచెం తగ్గితే తగ్గొచ్చు. నాలుగు నెలల్లో తగ్గిందంటే మాత్రం ఎక్కడో లీకుంది. లీకు లేకపోతే, అసలు తగ్గలేదు. జబ్బు ఇంకెక్కడో ఉంది.

ఈ చిన్న విషయం తేలక మా బాబాయ్ ఏడు వేల పైచిలుకు పోగొట్టుకున్నాడు. డబ్బుతో పోయి ఉంటే నేను ఇంత రాసేదాన్ని కాదు.

లోడు బండికి ఏసీ ఎందుకంటే...

మాది నూజివీడు దగ్గర పల్లెటూరు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. బాబాయ్‌కి సొంత పికప్ బండి ఉంది. వేసవంతా మామిడికాయల కిరాయిలే. నున్న మార్కెట్‌కి, హైదరాబాద్ ఇవతల బాటసింగారం మార్కెట్‌కి లోడ్లు వేస్తాడు. మిగతా రోజుల్లో కూరగాయలు, సిమెంటు, పెళ్లి సామాన్లు... ఏది దొరికితే అది.

రెండేళ్ల కిందట మే నెలలో నందిగామ దగ్గర వడదెబ్బ తగిలింది. కళ్లు తిరుగుతున్నాయని బండి పక్కకి తీసి ఆపాడు, ఆపిన మరుక్షణం స్టీరింగ్ మీద వాలిపోయాడు. ఆపే వ్యవధి దొరికింది కాబట్టి మనిషి దక్కాడు. రెండు రోజులు సెలైన్లు ఎక్కించి, "మధ్యాహ్నం ఎండలో బండి తోలొద్దు" అని చెప్పి పంపారు డాక్టరుగారు. తోలకపోతే ఇల్లు గడవదు. అందుకని పాత బండి అమ్మేసి, మీద అప్పు చేసి, ఏసీ ఉన్న సెకండ్ హ్యాండ్ పికప్ కొన్నాడు. "లోడు బండికి ఏసీ ఏంటయ్యా, పెళ్లికెళ్తున్నావా?" అని ఊళ్లో నవ్వినవాళ్లూ ఉన్నారు.

నవ్వాల్సిన విషయం కాదది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే సరకు లారీల కేబిన్లకి ఏసీ తప్పనిసరి అని కేంద్ర ప్రభుత్వమే నిబంధన తెచ్చింది. అయితే అది సరకుతో కలిపి మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటే బండ్లకే. చిన్న పికప్పులు దాని కిందికి రావు. అంటే బాబాయ్ లాంటివాళ్ల చల్లదనం బాధ్యత వాళ్లదే.

ఆ ఏసీకి పద్నాలుగు నెలల్లో మూడుసార్లు "గ్యాస్ అయిపోయింది". మూడుసార్లూ ఎక్కించారు. నాలుగోసారి ఇంకో షాపుకి వెళ్తే "కంప్రెసర్ పోయింది, ఇరవై నాలుగు వేలవుతుంది" అన్నారు. బాబాయ్ ఏసీ మీద ఆశ వదిలేసి రాత్రిళ్లు తోలడం మొదలుపెట్టాడు. ఎండ బాధ తప్పింది, నిద్ర గండం వచ్చిపడింది. ఒకరోజు తెల్లవారుజామున సూర్యాపేట దాటాక కునుకుపట్టి, బండి డివైడర్‌ని రాసుకుంటూ పోయింది. ఆ సంగతి నాకు బాబాయ్ చెప్పలేదు, పిన్ని చెప్పింది. "ఆయన ఇంటికొచ్చేదాకా నాకు కంటి మీద కునుకు ఉండట్లేదే. బండి అమ్మేయమని నువ్వైనా చెప్పు" అంది ఫోన్లో.

ఏప్రిల్‌లో రెండు వారాలు ఇంటి నుంచి పనికి పర్మిషన్ పెట్టుకుని ఊరెళ్లాను. బండి అమ్మించడానికి కాదు, ఆ ఏసీ సంగతేంటో చూడటానికి.

ముందు పుస్తకం, తర్వాత పానా

మా ఆఫీసులో ఎవరైనా "యాప్ పనిచేయట్లేదు" అంటే వెంటనే కోడు విప్పి కూర్చోం. ఎప్పుడు పనిచేయట్లేదు, ఏం నొక్కితే ఆగింది, అందరికీనా ఒక్కరికేనా అని అడుగుతాం. సగం తప్పు ఆ జవాబుల్లోనే దొరుకుతుంది. బాబాయ్‌ని కూడా అదే అడిగాను.

"ఎప్పుడు చల్లగా రావట్లేదు బాబాయ్?"

"అస్సలు రావట్లేదమ్మాయ్."

"అస్సలునా? హైవే మీద కూడానా?"

కాసేపు ఆలోచించి, "హైవే మీద... వస్తదనుకో" అన్నాడు.

పాత నోట్‌బుక్ ఒకటి తీసి గీతలు గీశాను. టైమ్ ఎంత, బండి నడుస్తోందా ఆగి ఉందా, గాలి చల్లగా ఉందా లేదా. ఇంతే. పది రోజులు బాబాయ్ రాశాడు, వీలైనప్పుడు పక్క సీట్లో కూర్చుని నేనూ రాశాను. పదో రోజుకి చూస్తే, చదువు రానివాళ్లకి కూడా అర్థమయ్యేలా ఉంది లెక్క. హైవే మీద మధ్యాహ్నం రెండింటికి కూడా చల్లగానే ఉంది. కీసర టోల్‌గేట్ లైన్లో, బెజవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర, మార్కెట్లో దిగుమతి కోసం ఆగినప్పుడు ఐదారు నిమిషాల్లో వేడిగాలి. మళ్లీ నాలుగు కిలోమీటర్లు పరిగెడితే చల్లగా అవుతోంది. పొద్దున ఏడింటికైతే ఆగి ఉన్నా ఇబ్బంది లేదు.

గ్యాస్ నిజంగా తక్కువుంటే మిట్టమధ్యాహ్నం హైవే మీద కూడా చల్లదనం అంతంత మాత్రంగానే ఉండాలి. కంప్రెసర్ పోయి ఉంటే ఎక్కడా ఉండకూడదు. ఇక్కడ బండి ఆగినప్పుడే తేడా వస్తోంది. బండి నడిచేటప్పుడు ఉండి, ఆగితే లేకుండా పోయేదేంటి? ముందు నుంచి కొట్టే గాలి!

కుండ చేసే పనే

గాలికీ చల్లదనానికీ సంబంధమేంటో తెలియాలంటే మన కుండ దగ్గరికి వెళ్లాలి. కుండ ఒంటి మీదకి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని పట్టుకుపోతుంది. ఏసీ చేసేదీ అదే. బండ్లలో ఎక్కువగా వాడే ఆర్-134ఏ అనే గ్యాస్ మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. డ్యాష్‌బోర్డు వెనకుండే కూలింగ్ కాయిల్‌లో అది ఆవిరవుతూ కేబిన్ వేడిని పీల్చుకుంటుంది. కుండ ఆ ఆవిరిని గాల్లోకి వదిలేస్తుంది. ఏసీ వదలదు. కంప్రెసర్ దాన్ని పట్టి, గట్టిగా నొక్కి, బండి ముందు గ్రిల్ వెనకుండే కండెన్సర్‌లోకి తోస్తుంది. అక్కడ గాలి తగిలి, మోసుకొచ్చిన వేడిని బయట పారబోసి, గ్యాస్ మళ్లీ ద్రవమవుతుంది. సన్నటి వాల్వు గుండా మళ్లీ కూలింగ్ కాయిల్‌కి. ఇదే చక్రం.

అంటే ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిని బయటికి మోస్తుంది. బయట ఆ వేడిని దింపుకునే చోట గాలి ఆడకపోతే, దిగుమతి కాని లోడులాగా అంతా వెనక్కి నిలిచిపోతుంది. బండి నడిచేటప్పుడు గాలి దానంతటదే తగులుతుంది. ఆగినప్పుడు తగలాలనే కండెన్సర్ ముందు ఒక ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెడతారు.

మర్నాడు పొద్దున్నే బానెట్ ఎత్తి, ఇంజను స్టార్ట్ చేసి ఏసీ వేశాం. "టక్" మని కంప్రెసర్ క్లచ్ పట్టుకుంది, మధ్యలో పళ్లెం తిరుగుతోంది. ఫ్యాన్ కూడా తిరుగుతోంది. బాబాయ్ నా మొహం చూశాడు. "అన్నీ తిరుగుతున్నాయి కదే!"

"ఇప్పుడు ఏడు గంటలు బాబాయ్. పుస్తకం ప్రకారం ఇప్పుడు అంతా బాగానే ఉండాలి. మధ్యాహ్నం చూడాలి."

ఒక బకెట్ నీళ్లు

మధ్యాహ్నం పన్నెండున్నరకి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత ఏసీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. అరవై దాటిన పెద్దాయన, అందరూ భాయ్ అనే పిలుస్తారు. బాబాయ్ నోట్‌బుక్ ఇస్తే కళ్లజోడు పెట్టుకుని రెండు పేజీలూ చదివారు. ఏమీ అడగలేదు. అప్పటికే షాపు కుర్రాడు అలవాటు ప్రకారం పెద్ద స్టాండు ఫ్యాన్ తెచ్చి బండి ముందు పెట్టబోతున్నాడు. "ఫ్యాన్ తీసెయ్యరా" అన్నారు.

గేజులు తగిలించారు. ఇంజను ఆపి ఉన్నప్పుడు నీలం ముల్లూ ఎర్ర ముల్లూ రెండూ 120 పి.ఎస్.ఐ. దగ్గర నిలబడ్డాయి. "ప్రెజర్ బాగానే ఉంది, అంటే గ్యాస్ సరిపడా ఉన్నట్టేనా?" అని అడిగాను.

"కాదమ్మా. మీ ఇంట్లో వంట గ్యాస్ సిలిండర్ ఉంటది కదా. సగం ఉన్నా, నిండా ఉన్నా లోపల ప్రెజర్ ఒకటే. ఎంతుందో తెలియాలంటే తూకం వెయ్యాలి. ఇదీ అంతే" అన్నారు భాయ్.

ఇంజను స్టార్ట్ చేసి ఏసీ వేశారు. ఎర్ర ముల్లు 250కి లేచింది. ఆ ఎండకి అది మరీ ఎక్కువేం కాదట. అక్కడ ఆగలేదు. 300... 350... నాలుగు వందల దగ్గరికి వచ్చేసరికి "టక్" మని క్లచ్ వదిలేసింది. కంప్రెసర్ పాడవలేదు. ప్రెజర్ హద్దు దాటితే గొట్టాలు పగలకుండా ఒక స్విచ్చు దాన్ని ఆపేస్తుంది. అది తన పని తాను చేసింది. లోపల గాలి అప్పటికే వేడెక్కింది.

ముల్లు దిగి క్లచ్ మళ్లీ పట్టుకున్నాక, భాయ్ బకెట్ నిండా నీళ్లు తెచ్చి గ్రిల్ గుండా కండెన్సర్ మీద చిమ్మారు. చూస్తుండగానే 350లో ఉన్న ముల్లు 200కి జారిపోయింది. కేబిన్లో కూర్చున్న బాబాయ్ "వచ్చింది, చల్లగా వచ్చింది!" అని అరిచాడు. రెండు నిమిషాలకి నీళ్లు ఆరిపోయాయి, ముల్లు మళ్లీ పైకి.

"చూశావా అన్నా! గ్యాస్ తక్కువైతే ఈ ముల్లు ఇంత పైకి ఎక్కదు. నీ బండికి గ్యాస్ కరువు లేదు. గాలి కరువు."

వంగి చూస్తే, పొద్దున తిరిగిన ఫ్యాన్ ఇప్పుడు కదలడం లేదు.

తొంభై రూపాయల దోషి

ఫ్యూజు బాగుంది. రిలే కొట్టుకుంటోంది. బ్యాటరీ నుంచి నేరుగా వైర్లు తగిలిస్తే ఫ్యాన్ గిర్రున తిరిగింది. అంటే మోటారూ బాగుంది. మధ్యలో వైరింగే మిగిలింది.

ఇక్కడ నా ఈసీఈ చదువు కాస్త అక్కరకొచ్చింది. ఫ్యాన్ ప్లగ్గు ఊడదీసి మల్టీమీటర్ పెడితే 13.8 వోల్టులు, ఏ లోటూ లేదు. ప్లగ్గు పెట్టి, ఫ్యాన్ వైపు వెనక నుంచి మీటర్ ముల్లు దూర్చి కొలిస్తే 4 వోల్టులు! కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పైపులో ప్రెజర్ నిండుగానే ఉంటుంది. తిప్పితే సన్నధార వస్తే, దారిలో ఎక్కడో అడ్డం ఉన్నట్టు. ప్లగ్గు ఊడదీసి ఎండలోకి పట్టుకుని చూస్తే, తెల్ల ప్లాస్టిక్ ఒక మూల గోధుమరంగుకి మాడి ఉంది. లోపల పిన్ను వదులై నల్లబడింది. చల్లగా ఉన్నప్పుడు అంటుకుని ఉంటుంది, ఇంజను వేడికి వదులవుతుంది. పొద్దున చూసినవాళ్లకి దొరక్కపోవడానికి కారణం అదే.

కొత్త కనెక్టరు తొంభై రూపాయలు. భాయ్ వైర్లు మంచి రాగి కనిపించేదాకా కోసి, కొత్త పిన్నులు నొక్కి, పైన స్లీవు వేసి బిగించారు. కండెన్సర్ రేకుల మధ్య ఇరుక్కున్న గడ్డిపోచలు, ఎండు మామిడాకులు, పురుగులు, దుమ్ము అన్నీ ఇంజను వైపు నుంచి మామూలు నీళ్ల పైపుతో కడిగారు. సర్వీసింగ్ గన్ను పెడితే ఆ పల్చటి రేకులు వంగిపోతాయట.

తర్వాత తూకం. బానెట్ కింద స్టిక్కర్ మీద ఈ బండికి గ్యాస్ 520 గ్రాములు అని రాసి ఉంది. మెషిన్‌తో గ్యాస్ మొత్తం బయటికి లాగి తూచితే 700 గ్రాములు దాటింది. మూడుసార్లు "అయిపోయింది" అని ఎక్కించిన బండిలో, ఉండాల్సిన దానికంటే 180 గ్రాములు ఎక్కువ! ద్రవం కండెన్సర్‌లో చోటు ఆక్రమించేస్తే వేడి వదలడానికి మిగిలే జాగా తగ్గుతుంది, ప్రెజర్ ఇంకా పెరుగుతుంది. అసలు జబ్బుకి మందు పడకపోగా, వేసిన మందే ఇంకో జబ్బయింది.

మరి ఎక్కించిన ప్రతిసారీ షాపులో చల్లగా ఎలా వచ్చింది? జవాబు ఆ స్టాండు ఫ్యానే. గ్యాస్ ఎక్కించేటప్పుడు కండెన్సర్‌కి గాలి తగలాలని చాలా షాపుల్లో బండి ముందు పెద్ద ఫ్యాన్ పెడతారు. అది తప్పేం కాదు. కానీ బండిలో ఫ్యాన్ చచ్చిపోయిన సంగతిని ఆ ఫ్యాన్ కప్పేస్తుంది. షాపులో చలి, టోల్‌గేట్‌లో వేడి. మోసం చేయాలని ఎవరూ అనుకోకపోయినా బాబాయ్ జేబుకి చిల్లు పడింది.

గొట్టాలు నలభై నిమిషాలు వాక్యూమ్‌లో పెట్టారు. ఆపాక ముల్లు కదలలేదు, అంటే లీకు లేదు. సరిగ్గా 520 గ్రాములు తూచి ఎక్కించారు. ఎండలో, బండి ఆగి ఉండగా, గాలి వచ్చే చోట థర్మామీటర్ 12 డిగ్రీలు చూపించింది. ఎర్ర ముల్లు 240 దగ్గర నిలకడగా ఉంది. కూలీతో కలిపి బిల్లు మూడు వేల రెండు వందలు. ఇరవై నాలుగు వేల కంప్రెసర్ ఉన్నచోటే ఉండి నిక్షేపంగా తిరుగుతోంది.

మీ బండి ఏం చెబుతోంది?

కారైనా పికప్ అయినా ఏసీ సూత్రం ఒకటే. షాపుకి వెళ్లేముందు ఓ నాలుగు రోజులు గమనించండి.

నడుస్తుంటే చల్లగా, ఆగితే వేడిగా ఉంటే: కండెన్సర్ ఫ్యాన్, కండెన్సర్ మీద చెత్త. ముందు ఇవే చూడాలి.

మొదట బాగా వచ్చి, గంట తర్వాత గాలి విసురు తగ్గిపోయి, కాసేపు ఆపితే మళ్లీ బాగుంటే: కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోంది. సెన్సరో థర్మోస్టాటో చూపించాలి.

ఎప్పుడూ గాలే తక్కువగా వస్తుంటే: కేబిన్ ఫిల్టర్, బ్లోయర్. ఫిల్టర్ చాలా బండ్లలో మనమే తీసి చూసుకోవచ్చు.

క్లచ్ "టక్" మనకుండా, అసలు చల్లదనమే లేకపోతే: ఫ్యూజు, రిలే, వైరింగ్, క్లచ్ కాయిల్, లేదా గ్యాస్ మొత్తం లీకై పోవడం. గ్యాస్ బాగా తగ్గితే కంప్రెసర్ తిరక్కుండా ప్రెజర్ స్విచ్చే ఆపేస్తుంది.

గొట్టాల జాయింట్ల దగ్గర నూనె జిడ్డు, దానిమీద దుమ్ము అట్ట కట్టి ఉంటే: లీకు అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా బయటికొస్తుంది.

కాళ్ల దగ్గర నీళ్లు కారుతుంటే: గ్యాస్‌కీ దీనికీ సంబంధం లేదు. కాయిల్ నీళ్లు బయటికిపోయే డ్రెయిన్ పైపు మూసుకుపోయింది.

షాపులో గ్యాస్ ఎక్కిద్దాం అంటే మూడు మాటలు అడగండి. ఉన్న గ్యాస్ బయటికి తీసి తూస్తారా? లీకు పరీక్ష చేస్తారా? స్టిక్కర్ మీద రాసినంతే తూచి ఎక్కిస్తారా? ఈ మూడింటికీ సరేనన్న షాపులో కొంచెం ఎక్కువ తీసుకున్నా నష్టం లేదు. గ్యాస్ పేరు కూడా అడగండి. కొత్త బండ్లు కొన్నిటిలో వేరే రకం గ్యాస్ ఉంటుంది, ఒకదాంట్లో ఒకటి కలపకూడదు. చవకగా వస్తుందని మండే గ్యాసులు కలిపిన రకాలు అసలే వద్దు. లీకైతే కేబిన్లోకే వస్తాయి.

చూడటం, రాసుకోవడం, ఫ్యూజులు, ఫిల్టరు, పైపైన కడగడం... ఇవి మనం చేసుకోవచ్చు. గ్యాస్ గొట్టాలు మాత్రం విప్పొద్దు. ఆ ద్రవం చర్మం మీద పడితే మంచు కాటు వేస్తుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. గాల్లోకి వదిలేయడమూ మంచిది కాదు. భూమిని వేడెక్కించడంలో కిలో ఆర్-134ఏ వెయ్యి కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్‌కి సమానం. తిరిగే ఫ్యాన్ దగ్గర, బెల్టు దగ్గర చున్నీలు, వదులు చొక్కాలు జాగ్రత్త.

మే నెలంతా బాబాయ్ మళ్లీ పగలే తోలాడు. పొద్దున్నే లోడు ఎత్తుకుని బయల్దేరి, సాయంత్రానికల్లా బాటసింగారంలో దింపి, అక్కడే నిద్రపోయి మర్నాడు వస్తున్నాడు. పిన్ని బండి అమ్మే మాట ఎత్తడం లేదు. నోట్‌బుక్ ఇంకా డ్యాష్‌బోర్డు మీదే ఉంది. ఇప్పుడు అందులో డీజిల్ లెక్క కూడా రాస్తున్నాడట.